ఆండీస్ సంప్రదాయ నేత

ఆండీస్ సంప్రదాయ నేత అనగా దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతపు ప్రజలు నడుము మగ్గంపై ఉన్ని దారంతో చేసే నేత. ఆ దారానికి మొక్కలు, పురుగులు, ఖనిజాల నుండి రంగులు పట్టించే విద్య కూడా ఇందులో భాగమే. పెరూ, బొలీవియా, ఈక్వడార్ దేశాలలో, ముఖ్యంగా క్వెచువా మరియు ఐమారా భాషలు మాట్లాడే గ్రామాలలో, ఇది నేటికీ సజీవంగా ఉన్నది. పెరూలోని కుస్కో నగర పరిసరాలలో ఈ విద్య తరం నుండి తరానికి ఎలా అందుతున్నది, బయటి నుండి వెళ్ళిన యాత్రికుడు దానిలో ఎంతవరకు నేర్చుకొనగలడు అన్న విషయాలను ఈ వ్యాసం ప్రధానంగా వివరిస్తుంది.

చరిత్ర

ఆండీస్ ప్రాంతంలో కుండల తయారీ కంటె నేత ప్రాచీనమైనది. పెరూ ఉత్తర తీరంలోని హువాకా ప్రియెటా అనే చోట దొరికిన నూలు గుడ్డ ముక్కలపై నీలిమందు రంగు ఉన్నదని, అవి సుమారు 6,000 సంవత్సరాల నాటివని 2016లో పరిశోధకులు ప్రకటించారు. నీలిమందు వాడకానికి ప్రపంచంలో ఇప్పటివరకు లభించిన ఆధారాలలో ఇది అతి పురాతనమైన వాటిలో ఒకటి. దక్షిణ తీరంలోని పరాకాస్ ద్వీపకల్పంలో 1927లో పురావస్తు శాస్త్రవేత్త హూలియో సి. టెల్యో బృందం 400 పైచిలుకు శవపు మూటలను వెలికితీసింది. వాటికి చుట్టిన కుట్టుపని దుప్పట్ల రంగులు రెండు వేల సంవత్సరాల తరువాత కూడా చెదరలేదు. తీర ప్రాంతపు ఎడారి పొడి గాలి వాటిని కాపాడినది.

ఇంకా సామ్రాజ్యంలో బంగారం కంటె వస్త్రానికే విలువ ఎక్కువ అని చెప్పవచ్చును. ప్రభుత్వం ఎంపిక చేసిన కన్యలు ప్రత్యేక గృహాలలో ఉండి కుంపి అనే అతి సన్నని వస్త్రాన్ని నేసేవారు. రాజు మెచ్చిన వారికి దానిని బహుమానంగా ఇచ్చేవాడు. 1532లో స్పానిష్ వారి రాకతో ఈ ఏర్పాటు కూలిపోయినది. వారు గొర్రెలను, కాలితో తొక్కే మగ్గాన్ని తెచ్చారు. అయినను గ్రామాలలో నడుము మగ్గం పోలేదు. 1615 నాటి గువామాన్ పోమా వ్రాతప్రతిలో నడుముకు పట్టీ కట్టుకొని నేస్తున్న స్త్రీ బొమ్మ ఒకటి ఉన్నది. నేడు చించెరో గ్రామంలో కనిపించే మగ్గానికి, ఆ బొమ్మలోని మగ్గానికి చెప్పుకోదగిన తేడా లేదు.

ఉన్ని, వడకడం

అల్పాకా, లామా, గొర్రె - ఈ మూడింటి ఉన్నిని వాడతారు. వికున్యా అనే అడవి జంతువు ఉన్ని అన్నింటికంటె మెత్తనిది గాని, చట్టపు రక్షణలో ఉన్నందున సామాన్యులకు అందదు.

వడికే సాధనాన్ని పుష్కా అంటారు. ఇది మన తకిలి వంటిదే. స్త్రీలు గొర్రెలను మేపుతూ, సంతకు నడుస్తూ, మాటలాడుకుంటూ కూడా వడుకుతుంటారు. ఒక పోగు వడికిన తరువాత రెండు పోగులను కలిపి ఎదురు దిశలో మళ్ళీ పురిపెడతారు. నడుము మగ్గంపై పడుగు దారాలు ఒకదానినొకటి గట్టిగా రాసుకుంటాయి. పురి చాలకపోతే నూగు లేచి దారాలు అతుక్కుపోతాయి. అందుచేత ఇక్కడి దారం చేతికి కొంత గట్టిగా తగులుతుంది. మామూలుకు వ్యతిరేకంగా ఎడమ పురిపెట్టిన దారాన్ని ల్యోకే అంటారు. దానికి కీడును తప్పించే శక్తి ఉన్నదని నమ్మి వస్త్రపు అంచులలో నేస్తారు.

ఒక దుప్పటికి నేయడం కంటె వడకడానికే ఎక్కువ కాలం పడుతుంది. యాత్రికులు సాధారణంగా చూడని భాగం ఇదే.

మగ్గం, నేత

నడుము మగ్గానికి చట్రం లేదు. పడుగు ఒక కొసను చెట్టుకో మేకుకో కట్టి, రెండవ కొసను నడుము చుట్టూ ఉన్న పట్టీకి తగిలిస్తారు. నేసేవారు వెనుకకు వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. ఆ విధంగా మనిషి శరీరమే మగ్గంలో ఒక భాగం. వెడల్పైన బట్టలకు నేలలో నాలుగు మేకులు పాతి పడుగును వాటికి బిగించే పద్ధతి కూడా కలదు. సరి బేసి దారాలను విడదీయడానికి దారపు ఉచ్చులు గల ఒక కర్ర ఉంటుంది. దానిని ఇల్యావా అంటారు. పేకను బిగించడానికి లామా కాలి ఎముకతో చేసిన రుకి అనే మొనగల సాధనాన్ని వాడతారు.

ఈ నేతలో పైకి కనబడేది పడుగే. పేక లోపల దాగి ఉంటుంది. కాబట్టి నమూనా అంతా పడుగు దారాలతోనే రావాలి. రెండు రంగుల దారాలను జతగా పరచి, ప్రతి వరుసలోను ఏ రంగు పైకి రావాలో ఆ దారాలను వేళ్ళతో ఏరి పేకను పంపుతారు. ఈ నమూనా భాగాన్ని పల్యాయ్ అంటారు. పొలంలో పంటను ఏరడానికి కూడా క్వెచువాలో ఇదే మాట. వస్త్రాన్ని తిప్పి చూస్తే అదే నమూనా రంగులు తారుమారై కనిపిస్తుంది.

మరొక విశేషం నాలుగు వైపులా అంచు ఉండడం. చీరకు రెండు పక్కలే నేత అంచు ఉంటుంది. కొసలను మగ్గం మీది పొడవైన పడుగు నుండి కోస్తారు. ఇక్కడ పడుగును ముందే కావలసినంత కొలతలో చుట్టి రెండు కర్రలకు కట్టి, చివరి వరకు నేస్తారు. చివరి కొద్ది అంగుళాలలో కర్రలు పట్టవు గనుక సూదితో పేకను దూర్చవలసి ఉంటుంది. బట్టను కోయడం ఈ సంప్రదాయంలో లేదు. భుజాలపై వేసుకునే లిక్లాను కూడా రెండు ముక్కలుగా నేసి మధ్యలో కలిపి కుడతారు.

రంగులు

ఎరుపు రంగుకు మూలం కోచినీల్ అనే పురుగు. శాస్త్రీయ నామం డాక్టిలోపియస్ కోకస్. ఇది నాగజెముడు జాతి మొక్కలపై తెల్లని బూజు వంటి పొరలో దాగి బ్రతుకుతుంది. ఆడ పురుగులను ఏరి ఎండబెట్టి నూరుతారు. ఎండిన పురుగు బరువులో సుమారు ఐదవ వంతు కార్మినిక్ ఆమ్లం ఉంటుంది. ఒక పౌను ఎండు పురుగులకు సుమారు 70 వేల పురుగులు కావాలి. ప్రపంచానికి అత్యధికంగా కోచినీల్‌ను అందించే దేశం పెరూయే. అందులో ఎక్కువ భాగం నేతకు కాక ఆహార పదార్థాలకు, సౌందర్య సాధనాలకు పోతుంది.

ఒకే కుండలోని కోచినీల్ నుండి అనేక రంగులు వస్తాయి. నిమ్మరసం వంటి పులుపు కలిపితే నారింజ వైపు, క్షారం కలిపితే ఊదా వైపు, ఇనుము తగిలితే ముదురు బూడిద వైపు మారుతుంది. రసాయన శాస్త్రం చదివే విద్యార్థులకు లిట్మస్ కాగితం గుర్తుకు రాక మానదు.

ఇక్కడ తెలుగువారికి ఆసక్తి కలిగించే ఒక సంగతి ఉన్నది. 18వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ ఈ వ్యాపారాన్ని తనది చేసుకొనదలచినది. డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ అనే వైద్యుడు మద్రాసులోని సైదాపేటలో నాగజెముడు తోట వేయించాడు. కాని 1795లో మన దేశానికి చేరిన పురుగు అసలు కోచినీల్ కాదు, దాని అడవి జాతి. దాని నుండి వచ్చిన రంగు నాసిరకం. పైగా అది నాగజెముడు పొదలను తినివేసినది.

పసుపుకు కొల్యే చెట్టు పూలు, ఆకుపచ్చకు చిల్కా పొద ఆకులు, ఇటుక ఎరుపుకు చాపి చాపి అనే తీగ వేరు వాడతారు. నీలిమందు మొక్క వెచ్చని పల్లపు భూములలోనే పెరుగుతుంది కాబట్టి కొండ గ్రామాల వారు దానిని కొనుక్కొనేవారు. ఇది మన కడప ప్రాంతంలో ఒకప్పుడు విరివిగా పండించిన నీలిమొక్కకు దగ్గరి బంధువు. నీలిమందు నీటిలో కరగదు. దానిని కరిగించడానికి అక్కడి వారు పులియబెట్టిన మూత్రాన్ని వాడేవారు. నీలి తొట్టి నుండి తీసినపుడు దారం పచ్చగా ఉండి, గాలి తగలగానే నీలంగా మారుతుంది.

నీలిమందు తప్ప తక్కిన రంగులు చాలా వరకు వర్ణస్థాపకం లేకుండా ఉన్నికి గట్టిగా పట్టవు. పటిక ఇందులో ముఖ్యమైనది. ఆకుపచ్చకు రాగి లవణాలు గల కొల్పా అనే ఖనిజాన్ని కలుపుతారు. మన మైలుతుత్తం కూడా రాగి లవణమే. శ్రీకాళహస్తి కలంకారీలో పటిక చేసే పని, చించెరో కుండలో పటిక చేసే పని ఒక్కటే. రంగు వేయుటకు ముందు ఉన్నిని నురుగునిచ్చే ఒక వేరుతో కడుగుతారు. దీనిని మన కుంకుడుకాయతో పోల్చవచ్చును.

సహజ రంగులన్నీ వెలిసినట్లు ఉంటాయన్నది అపోహ. కోచినీల్ ఇచ్చే గులాబీ రంగు కంటికి గుచ్చుకునేంత ప్రకాశవంతంగా ఉంటుంది. కనుక రంగు మెరుపును బట్టి కృత్రిమమా సహజమా అని తేల్చడం సాధ్యం కాదు.

క్షీణత, పునరుద్ధరణ

1856లో విలియం పెర్కిన్ కనుగొన్న కృత్రిమ రంగుతో ప్రపంచమంతటా అద్దకం మారిపోయినది. పొడి రూపంలో సంతలో దొరికే రంగులు ఆండీస్ గ్రామాలకు కూడా చేరాయి. ఒక్క చిటికెడుతో పని జరిగేటప్పుడు కొండలెక్కి ఆకులు ఏరుకొచ్చే శ్రమ ఎవరు పడతారు? తరువాత మిల్లులో వడికి రంగు వేసిన కృత్రిమ దారం వచ్చినది. 20వ శతాబ్దం రెండవ సగానికి అనేక గ్రామాలలో ఏ ఆకు ఏ రంగునిస్తుందో ముసలివారికి మాత్రమే గుర్తుండే స్థితి ఏర్పడినది. నేత కొనసాగినది గాని రంగుల విద్య దాదాపు జారిపోయినది.

చించెరో గ్రామానికి చెందిన నేతకత్తె నిల్డా కల్యన్యౌపా అల్వారెజ్ మరికొందరితో కలిసి 1996లో కుస్కో నగరంలో సంప్రదాయ వస్త్ర కేంద్రాన్ని స్థాపించారు. ఈ కేంద్రం కుస్కో ప్రాంతంలోని పది గ్రామాల నేతకారులతో పనిచేస్తూ వచ్చినది. పాత వస్త్రాలను చూసి, వృద్ధులను అడిగి, కుండలలో మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి రంగులను తిరిగి సాధించారు. పితుమార్కా గ్రామంలో పడుగును ముక్కలు ముక్కలుగా వేర్వేరు రంగులలో పరచే టిక్లా అనే అతి కష్టమైన పద్ధతి కూడా ఈ విధంగానే మళ్ళీ వాడుకలోకి వచ్చినది. గ్రామాలలో పిల్లలకు కూడా నేర్పే ఏర్పాట్లు జరిగాయి. ఆదాయం లేని విద్యను పిల్లలు నేర్చుకోరు. కనుక ఈ ప్రయత్నంలో నేర్పడం ఎంత ముఖ్యమో, న్యాయమైన ధరకు అమ్మడం కూడా అంతే ముఖ్యమైనది.

టిటికాకా సరస్సులోని టకీలే దీవి కథ కొంత వేరు. అక్కడ స్త్రీలు నేస్తే పురుషులు సూదులతో టోపీలు అల్లుతారు. యునెస్కో ఈ దీవి వస్త్రకళను 2005లో గుర్తించి, 2008లో మానవాళి అస్పృశ్య సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినది. సంవత్సరపు పనులను గుర్తులుగా నేసిన అక్కడి పంచాంగపు నడికట్టు ప్రసిద్ధమైనది.

నేర్పే పద్ధతి

చించెరోలో బాలికలు ఐదారేళ్ళ వయసులో వడకడం మొదలుపెడతారు. తరువాత హకిమా అనే సన్నని పట్టీ, ఆపై చుంపి అనే నడికట్టు, చివరకు లిక్లా - ఇది క్రమం. గ్రాఫు కాగితం లేదు, వ్రాసిన లెక్క లేదు. పెద్దవారు విడమరచి చెప్పడం కూడా తక్కువే. పిల్ల పక్కన కూర్చొని చూస్తుంది, తప్పు చేస్తే పెద్దామె ఊడదీసి మళ్ళీ చేతికిస్తుంది. 1970ల దశకంలో చించెరోలో నివసించి నేత నేర్చుకున్న అమెరికన్లు ఎడ్ మరియు క్రిస్టీన్ ఫ్రాంక్మోంట్ ఈ విషయాన్ని వివరంగా పరిశీలించారు. పిల్లలు పెద్ద నమూనాను మొత్తంగా కంఠస్థం చేయరు. ఒక చిన్న భాగాన్ని పట్టుకొని, దానిని అద్దంలోవలె తిప్పి, తలక్రిందులు చేసి పెంచుకుంటూ పోతారు. పాఠశాలలో రేఖాగణితంలోని సౌష్ఠవాన్ని బోధించిన వారికి, దానిని ఏడేళ్ళ పిల్ల వేళ్ళతో చేయగలదని తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

యాత్రికులు నేర్చుకొనుట

చించెరోలోని అనేక నేత ఇళ్ళలో యాత్రికులకు అరగంట ప్రదర్శన ఉంటుంది. వేరుతో ఉన్ని కడుగుతారు, అరచేతిలో పురుగును నలిపి ఎర్రదనం చూపుతారు, కొన్ని వరుసలు నేస్తారు. ఆ తరువాత అమ్మకం. ఇది చూడదగినదే గాని నేర్చుకొనుట కాదు. అక్కడ వేలాడే వస్త్రాలన్నీ ఆ కుండలో ముంచిన దారంతోనే నేసినవని కూడా అనుకోరాదు. కుస్కో బజారులో అల్పాకా పేరుతో అమ్మే వాటిలో మిల్లు కృత్రిమ దారంవి చాలా ఉంటాయి. నాలుగు అంచులు, వెనుక వైపు తారుమారైన నమూనా ఉంటే అది చేతి నేత అనుటకు మంచి గుర్తు.

నిజంగా నేర్చుకొనదలచినవారు కుస్కో కేంద్రంలో గాని గ్రామ సంఘాలలో గాని ముందుగా మాట్లాడుకొని కొన్ని రోజుల పాటు ఒకే గురువు వద్ద కూర్చొనడం మేలు. కొద్ది రోజులలో సాధ్యమయ్యేది ఒక సన్నని పట్టీ, ఒకటి రెండు నమూనాలు. పల్యాయ్ వేళ్ళకు అలవడడానికే మొదటి రోజు సరిపోతుంది. నడుము, మోకాళ్ళు నొప్పి పెడతాయి. రంగుల పని నేర్చుకొనుటకు వేరుగా ఒక రోజంతా కావాలి. పటిక, ఆకులు, ఉడకబెట్టడం, చిలపలు ఆరబెట్టడం తొందరపడితే జరగవు. ఆ రోజంతా గురువు తన నేత మాని మనకు నేర్పుతున్నదని గుర్తుంచుకొని బేరమాడకుండా రుసుము చెల్లించాలి. వృద్ధ స్త్రీలలో కొందరికి స్పానిష్ కూడా అంతగా రాదు. అయినను చేతులు చూసి నేర్చుకొనే విద్య గనుక భాష పెద్ద అడ్డంకి కాదు.

కుస్కో సుమారు 3,400 మీటర్ల ఎత్తున, చించెరో సుమారు 3,760 మీటర్ల ఎత్తున ఉన్నాయి. దక్షిణ భారతంలో అత్యున్నతమైన అనైముడి శిఖరం ఎత్తు 2,695 మీటర్లే. కాబట్టి చేరిన మొదటి రెండు రోజులు విశ్రాంతి తీసుకొనడం అవసరం. మే నుండి సెప్టెంబరు వరకు పొడి కాలం. మగ్గం ఆరుబయట వేస్తారు, దారం ఎండలో ఆరాలి కాబట్టి ఈ నెలలే అనుకూలం. నడుము మగ్గానికి చట్రం లేనందున పూర్తికాని పట్టీని కర్రలతో సహా చుట్టి సంచిలో పెట్టుకొని రావచ్చును. ఇంటికి వచ్చాక కిటికీ ఊచకు ఒక కొస కట్టి, ఆపిన వరుస నుండే నేత కొనసాగించవచ్చును.