సుజీ చేతిలో బేస్ గిటారు

సుజీ క్వాట్రో తొలి సోలో రికార్డు 'రోలింగ్ స్టోన్' 1972లో వచ్చింది. ఇంగ్లండులో పట్టించుకున్నవారు లేరు. పోర్చుగల్‌లో మాత్రం ఏకంగా మొదటి స్థానంలో కూర్చుంది! ఈ వింత తెలిసినప్పటి నుంచి ఆమె వెనకే పడ్డాను.

సుజీ పుట్టింది 1950లో, డెట్రాయిట్‌లో. 1964లో అక్క, స్నేహితురాళ్లు కలిసి 'ప్లెజర్ సీకర్స్' బ్యాండు పెట్టారు. ఎవరికి నచ్చిన వాద్యం వాళ్లు తీసేసుకోగా, వెంటనే నోరు తెరవని సుజీకి బేస్ మిగిలింది. నాన్న ఆర్ట్ క్వాట్రో వాద్యకారుడు. తన 1957 నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్ ఆమె చేతికిచ్చాడు. నాలుగే తీగలు, లావుపాటివి. తర్వాతి ఏళ్లు క్లబ్బుల్లో, వియత్నాంలో సైనికుల ముందు గడిచాయి.

లండన్ నిర్మాత మికీ మోస్ట్ డెట్రాయిట్‌లో ఆమెను చూశాడు. అప్పటికే మరో కంపెనీ ఆమెను గాయని జానిస్ జోప్లిన్‌లా, రెండో జోప్లిన్‌ను చేస్తానంది. మోస్ట్ మాత్రం మొదటి సుజీ క్వాట్రోను చేస్తానన్నాడట. ఆమె 1971లో ఒంటరిగా విమానమెక్కింది. తర్వాత అక్కచెల్లెళ్ల బ్యాండు చెదిరింది. ఆ నష్టాన్ని ఎవరూ లెక్కలో వేయరు, నాకైతే బాధే.

1973లో నికీ చిన్, మైక్ చాప్‌మన్ రాసిన 'క్యాన్ ద క్యాన్' వచ్చింది. తోలు దుస్తులు, ఒంటి మీద బేస్, వెనక ముగ్గురు మగ వాద్యకారులు. ముందు నిలబడి అరిచి పాడే సుజీ. జూన్ 16న ఆ పాట బ్రిటన్‌లో మొదటి స్థానానికెక్కింది, జర్మనీ, ఆస్ట్రేలియాల్లోనూ అంతే.

అదే 1973లో తెలుగులో 'దేవుడు చేసిన మనుషులు' సినిమా వచ్చింది. రమేష్ నాయుడు బాణీకి ఎల్.ఆర్. ఈశ్వరి 'మసక మసక చీకటిలో' పాడింది. 1953లో మైసూరు రాష్ట్రంలో కలిసినా మా బళ్ళారి తెలుగు సినిమాను వదల్లేదు కనుక, ఆ గొంతు మాకూ సొంతమే. తల్లితో పాటు కోరస్‌లో మొదలైన గాయని ఆమె. ఆ గొంతులో నిప్పు సుజీకి ఏమాత్రం తీసిపోదు. కానీ తెర మీద ముఖం ఇంకొకరిది. గొంతుకు తోడు ఆడపిల్ల చేతికి వాద్యం కూడా ఇచ్చి ముందు నిలబెట్టే వేదిక మన సినిమా పాటకు దొరకలేదు. అది పెద్ద లోటు.

సొంతగడ్డ మీద సుజీకీ అంత ఆదరణ దక్కలేదు. 'క్యాన్ ద క్యాన్' అమెరికాలో 1976లో 56వ స్థానం దగ్గరే ఆగింది. అయినా రాక్ గాయని జోన్ జెట్ లాంటివాళ్లు ఆమెను ఆదర్శంగా తీసుకున్నారు. మీ ఇంట్లో పిల్ల బేస్ గిటారు అడిగితే కొనివ్వండి.