మారథాన్‌లో మంచినీళ్ల చరిత్ర

దూరపు పరుగులో నీళ్లు తాగవచ్చా అన్న ప్రశ్నకు నూట పాతికేళ్లలో మూడు జవాబులు వచ్చాయి. తాగితే బలహీనత అన్నారు. ఆ తర్వాత ఎన్ని తాగితే అంత మంచిదన్నారు. ఇప్పుడు దాహం వేస్తే తాగమంటున్నారు. జవాబు మారిన ప్రతిసారీ అసలు సంగతి చెప్పగలిగింది మూత్రపిండమే. దాని మాట మాత్రం చాలాకాలం సరిగ్గా అర్థం కాలేదు.

1896లో ఏథెన్స్‌లో తొలి ఒలింపిక్ మారథాన్ గెలిచిన స్పిరిడాన్ లూయిస్‌ది నీళ్లు అమ్ముకుని బతికిన కుటుంబం. పందెం మధ్యలో ఆయన పుచ్చుకున్నది మాత్రం ఒక గ్లాసు వైన్ అని చెబుతారు. ఆ రోజుల్లో పరుగు మధ్యలో నీళ్లు తాగడం శిక్షణ లేనివాడి లక్షణం. ఈ నమ్మకం ఎంత దూరం పోయిందో 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో తేలింది. ఆగస్టు 30న, 32 డిగ్రీల ఎండలో, మధ్యాహ్నం మూడు దాటాక పందెం మొదలుపెట్టారు. మట్టిరోడ్డు మీద ముందూ వెనకా కార్లు లేపిన దుమ్ము పరుగెత్తేవాళ్ల ముక్కుల్లోకీ నోళ్లలోకీ పోయింది. దారి పొడుగునా నీళ్లు దొరికే చోట్లు ఒకటి రెండుకు మించి లేవు. నిర్వాహకుడు జేమ్స్ సలివాన్ కావాలనే అలా ఏర్పాటు చేశాడు. నీళ్లు లేకపోతే ఒంటికి ఏమవుతుందో చూడాలన్నది ఆయన కుతూహలం. థామస్ హిక్స్ నీళ్లడిగితే వెంట ఉన్నవాళ్లు ఇవ్వలేదు, గోరువెచ్చని నీటితో నోరు తడిపి సరిపెట్టారు. తర్వాత గుడ్డు తెల్లసొనలో స్ట్రిక్‌నిన్ అనే విషాన్ని కలిపి ఇచ్చారు, ఆపైన బ్రాందీ పట్టించారు. ఆ స్థితిలోనే హిక్స్ 3 గంటల 28 నిమిషాల 53 సెకన్లలో గెలిచాడు. బయలుదేరిన 32 మందిలో గమ్యం చేరింది 14 మందే.

1912లో స్టాక్‌హోమ్‌లో పోర్చుగల్ వాడైన ఫ్రాన్సిస్కో లజారో ఒంటికి కొవ్వు పట్టించుకుని పరుగెత్తాడు. చెమట బయటికి పోయే దారి మూసుకుపోయింది. దారిలోనే కుప్పకూలి మర్నాడు చనిపోయాడు. అయినా పాత నమ్మకం పోలేదు. పందెం మొదటి కొన్ని కిలోమీటర్లలో నీళ్లు అందించకూడదన్న నిబంధన అంతర్జాతీయ అథ్లెటిక్స్‌లో 1970ల దాకా నిలిచింది.

ఈ లోపల వైద్యులు పరుగెత్తేవాళ్ల మూత్రాన్ని పరిశీలిస్తూనే ఉన్నారు. వృత్తి వ్యాధుల మీద పుస్తకం రాసిన ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని, వార్తలు మోసే పరుగువాళ్లకు మూత్రంలో రక్తం పడుతుందని పద్దెనిమిదో శతాబ్దం ఆరంభంలోనే గమనించాడు. 1878లో జర్మనీలో లాయిబె, కవాతు చేసి వచ్చిన సైనికుల మూత్రంలో ప్రొటీన్ కనిపెట్టాడు. మూడేళ్లకు ఫ్లైషర్ అనే మరో జర్మన్ వైద్యుడు, నడక తర్వాత ఒక సైనికుడికి ఎర్రటి మూత్రం రావడం చూశాడు. పాదం నేలకు మళ్లీ మళ్లీ తగిలినప్పుడు అరికాలి రక్తనాళాల్లో ఎర్రకణాలు చితికి, వాటిలోని హిమోగ్లోబిన్ మూత్రంలోకి దిగుతుందని ఆ తర్వాత తేలింది. 1910లో అమెరికా వైద్యుడు బరాక్ మారథాన్ ముగించినవాళ్ల మూత్రం పరీక్షిస్తే, మూత్రపిండాల వాపు రోగుల్లో కనిపించే గుర్తులే దొరికాయి. కాకపోతే ఇవి కొద్ది రోజుల్లో వాటంతటవే మాయమయ్యేవి. 1956లో గార్డ్‌నర్ అనే వైద్యుడు దీనికి ‘క్రీడాకారుల మిథ్యా నెఫ్రైటిస్’ అని పేరు పెట్టాడు. రోగం కాని రోగం అన్నమాట.

లోపల జరిగేది ఇది. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె పంపే రక్తంలో సుమారు అయిదో వంతు, అంటే నిమిషానికి లీటరు పైచిలుకు, మూత్రపిండాలకు వెళుతుంది. పరుగులో ఆ రక్తం కాళ్లకూ చర్మానికీ మళ్లుతుంది. మూత్రపిండాలకు అందేది సగానికీ, ఒక్కోసారి అంతకన్నా తక్కువకూ పడిపోతుంది. వడపోత జల్లెడ కాసేపు వదులై ప్రొటీన్ జారుతుంది. అదే సమయంలో మెదడు వాసోప్రెసిన్ అనే హార్మోన్ విడుదల చేస్తుంది, నీటిని బయటికి వదలవద్దని మూత్రపిండాలకు అది ఇచ్చే ఆజ్ఞ. అందుకే పరుగు తర్వాత మూత్రం కొద్దిగా, చిక్కగా వస్తుంది. ఖాళీ మూత్రాశయం గోడలు ఒకదానికొకటి కొట్టుకుని గీసుకుపోవడం వల్ల కూడా రక్తం పడుతుందని 1977లో బ్లాక్‌లాక్ అనే వైద్యుడు చూపించాడు.

రెండో జవాబుకు దారి తీసినవాడు మూత్రపిండాల నిపుణుడే కావడం విశేషం. 1965లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు సహాయ కోచ్ ఒకరు, ఆట మధ్యలో కుర్రాళ్లకు మూత్రం ఎందుకు రాదని డాక్టర్ రాబర్ట్ కేడ్‌ని అడిగాడు. చెమటలో పోయిన నీటికీ ఉప్పుకూ బదులుగా కేడ్ బృందం నీళ్లు, ఉప్పు, చక్కెర కలిపింది. రుచి బాగాలేదంటే కేడ్ భార్య నిమ్మరసం పిండమంది. తెలుగు ఇళ్లలో వేసవిలో ఎప్పుడూ చేసుకునేదే. అక్కడ అది గాటరేడ్ అయింది. 1969లో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు విండం, స్ట్రైడం మారథాన్‌లో నీళ్లు తక్కువ తాగడం ప్రమాదమని వ్యాసం రాశారు. అక్కడి కామ్రేడ్స్ పందెం దాదాపు 90 కిలోమీటర్లు. దానిలో పరుగెత్తి మూత్రపిండాలు పనిచేయక ఆసుపత్రి చేరినవాళ్లూ ఉన్నారు. 1996లో అమెరికా క్రీడా వైద్య సంఘం, కడుపు భరించగలిగినంత తాగమని సలహా ఇచ్చింది. గంటకు 600 నుంచి 1200 మిల్లీలీటర్ల దాకా అని లెక్క కూడా చెప్పింది. మైలు మైలుకూ నీళ్ల బల్లలు వెలిశాయి.

అయితే వాసోప్రెసిన్ గట్టిగా పనిచేస్తున్న ఒంట్లోకి నీళ్లు పోస్తే అవి బయటికి పోవు. రక్తంలో సోడియం పలచబడి మెదడు ఉబ్బుతుంది. 1981 కామ్రేడ్స్‌లో పరుగెత్తిన ఒక మహిళకు ఇలాగే జరిగింది. అటువంటి నాలుగు ఉదంతాలను దక్షిణాఫ్రికా వైద్యుడు టిమ్ నోక్స్ బృందం 1985లో ప్రచురించినా వినిపించుకున్నవాళ్లు తక్కువ. 2002 బోస్టన్ మారథాన్‌లో ఒక యువతి సోడియం పడిపోయి మరణించింది. ఆ పందెంలోనే 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం లీటరుకు 135 మిల్లీమోల్‌లు లేదా అంతకన్నా తక్కువగా ఉంది. నాలుగు గంటలు దాటి నెమ్మదిగా పరుగెత్తి, ప్రతి బల్ల దగ్గరా ఆగి తాగి, పందెం చివరికి బరువు పెరిగినవాళ్లకే ముప్పు ఎక్కువని తేలింది. 2015లో కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్‌లో సమావేశమైన నిపుణులు దాహాన్ని బట్టే తాగాలని తీర్మానించారు.

అదే ఏడాది హార్ట్‌ఫర్డ్ మారథాన్‌లో 22 మందిని యేల్ పరిశోధకులు పరీక్షించారు. పరుగు ముగిసిన వెంటనే 82 శాతం మందిలో మూత్రపిండాలు తాత్కాలికంగా దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి. రెండు రోజుల్లో దాదాపు అందరూ కోలుకున్నారు. ఏళ్ల తరబడి ఇదే పునరావృతమైతే ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం తెరిచే ఉంది. నొప్పి మాత్రల విషయంలో అంత సందేహం లేదు. రక్తం తగ్గినప్పుడు మూత్రపిండాల నాళాలను తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లను ఐబుప్రొఫెన్ అడ్డుకుంటుంది. 2017లో వెలువడిన అల్ట్రా మారథాన్ అధ్యయనంలో ఆ మాత్ర వేసుకున్నవాళ్లలో 52 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 34 శాతం మందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. పరుగు రోజున ఆ మాత్ర జోలికి పోకూడదు. ఒళ్లంతా నొప్పులతో మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా, అసలు రాకపోయినా, ఇంట్లో కూర్చుని నీళ్లు తాగుతూ ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.