కతోలిక గురువుల నేరాలు, పెద్దల జవాబుదారీతనం: ఏలూరు ప్రాంతం నుంచి ఒక పరిశీలన

‘హెరాల్డ్స్ ఆఫ్ గుడ్ న్యూస్’ గురుసభ 1984లో ఏలూరు మేత్రాసనంలో (డయోసిస్‌లో) పుట్టింది. గురువుల కొరత ఉన్న దేశాలకు ఇక్కడి నుంచి గురువులను పంపడం దాని ప్రధాన సేవ. ఆ సభ తరఫున హైదరాబాదు నుంచి వెళ్లిన ఫాదర్ జాన్ ప్రవీణ్‌ను 2018 అక్టోబరులో అమెరికాలోని రాపిడ్ సిటీలో పోలీసులు అరెస్టు చేశారు. మైనరు బాలికపై లైంగిక నేరాన్ని అతను ఒప్పుకున్నాడు. 2019లో కోర్టు ఆరేళ్ల జైలుశిక్ష విధించింది. ఏడాది తిరగకుండానే కేసు తేలిపోయింది.

ఇదే నేరం ముసునూరులాంటి మామిడితోటల ఊళ్లో, ఒక చిన్న విచారణలో (పారిష్‌లో) జరిగిందనుకుందాం. ఆ బిడ్డ తల్లి ఎవరి దగ్గరికి వెళ్తుంది? బడిలో సీటు, హాస్టల్లో చోటు, పెళ్లి, సమాధి, అన్నీ ఆ గుడి చేతిలోనే ఉన్నప్పుడు ఫిర్యాదు ఇవ్వడమంటే బతుకును పణంగా పెట్టడమే. కేరళలోని కొట్టియూరులో బాలికపై జరిగిన అత్యాచారం కేసులో ఆమె తండ్రే మొదట నేరం తన మీద వేసుకున్నాడు. 2019లో తలస్సేరి కోర్టు అసలు నేరస్తుడైన ఫాదర్ రాబిన్‌కు శిక్ష వేసింది. నేరాన్ని దాచారన్న ఆరోపణపై అతనితోపాటు నిందితులైన ఆరుగురూ నిర్దోషులుగా విడుదలయ్యారు. దాపరికాన్ని కోర్టులో రుజువు చేయడం అంత కష్టం.

చట్టంలో మాత్రం లోటు లేదు. 2012 పోక్సో చట్టం ఐదో సెక్షను మతసంస్థల సిబ్బంది చేసే అత్యాచారాన్ని తీవ్ర నేరంగా చూస్తుంది. 19వ సెక్షను ప్రకారం, విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పితీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. తన కింది ఉద్యోగి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికైతే ఏడాది వరకు. బిషప్పు, గురుసభ ప్రాంతీయ పెద్ద (ప్రొవిన్షియల్) ఈ ‘అధిపతి’ పరిధిలోకి వస్తారనే నా అభిప్రాయం. గురువును ఒక విచారణ నుంచి ఇంకో విచారణకు బదిలీ చేసే అధికారం ఉన్నవాళ్లకు అతని నేరానికి జవాబు చెప్పే బాధ్యత మాత్రం లేదనడం ఎలా కుదురుతుంది?

2019లో పోపు ఫ్రాన్సిస్ తెచ్చిన ‘వోస్ ఎస్తిస్ లూక్స్ ముంది’ నియమావళి ఫిర్యాదును కప్పిపుచ్చిన బిషప్పులనూ విచారణకు నిలబెట్టింది. అదే ఏడాది డిసెంబరులో ఈ కేసులకు పోపు అధికార రహస్యాన్ని ఎత్తేశారు. మంచి అడుగులే. కానీ ఆ నియమావళి దేశ చట్టాలకు లోబడే నడవాలి. మేత్రాసనంలో అంతర్గత కమిటీ వేశామన్న మాట పోలీసు ఫిర్యాదుకు బదులు కానేరదు.

పోక్సో 24వ సెక్షను చాలామందికి తెలియదు. బిడ్డ స్టేషనుకు వెళ్లక్కర్లేదు. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా, బిడ్డ ఇంటికే వచ్చి వాంగ్మూలం రాసుకోవాలి. బిడ్డ పేరు పత్రికలకెక్కకుండా 23వ సెక్షను కాపాడుతుంది. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై కేసు పెట్టడానికి వీల్లేదు.

ఈ సెక్షన్లను, పిల్లల సహాయవాణి 1098 నంబరును ప్రతి విచారణ నోటీసు బోర్డు మీద తెలుగులో అతికించమని ఏలూరు, విజయవాడ బిషప్పులను కోరుతున్నాను.