క్రోనోస్ క్వార్టెట్ - అతిథి కళాకారులతో సంగీత సహకారం

క్రోనోస్ క్వార్టెట్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరం కేంద్రంగా పనిచేసే తంత్రీవాద్య బృందం. రెండు వయోలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో కలిసిన ఈ నలుగురి బృందాన్ని 1973లో వయోలిన్ విద్వాంసుడు డేవిడ్ హారింగ్టన్ సియాటిల్ నగరంలో స్థాపించాడు. ఇరవయ్యవ శతాబ్దపు రచనలను, సమకాలీన రచనలను వాయించడంలో ఈ బృందం పేరు గాంచింది. దానితో పాటు జాజ్, టాంగో, ఆఫ్రికా జానపదం, హిందీ సినిమా సంగీతం, అజర్‌బైజాన్ ముగామ్ వంటి వేర్వేరు సంప్రదాయాల కళాకారులను అతిథులుగా ఆహ్వానించి వారితో కలిసి వాయించడం ఈ బృందపు ప్రత్యేకత. అతిథి తన సంగీతాన్ని పాశ్చాత్య పద్ధతికి అనుగుణంగా మార్చుకోవడం కంటే, బృందమే తన వాదనశైలిని అతిథికి అనుగుణంగా మార్చుకోవడానికి ప్రయత్నించడం ఈ సహకారాలలో ప్రధానంగా కనిపించే లక్షణం.

నేపథ్యం

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో తంత్రీవాద్య చతుష్టయానికి పద్దెనిమిదవ శతాబ్దం నుండి స్థిరమైన రూపం ఉంది. హేడన్, మొజార్ట్, బీథోవెన్ రచనలు దీనికి పునాది. సాధారణంగా ఈ నలుగురూ రచయిత రాసిన స్వరలిపిని చూసి వాయిస్తారు. ఐదవ కళాకారుడు చేరినా, ఆయన కూడా అదే సంప్రదాయానికి చెందిన పియానో, క్లారినెట్ వంటి వాద్యకారుడై ఉండటం పరిపాటి.

1973లో హారింగ్టన్ రేడియోలో జార్జ్ క్రంబ్ రచన "బ్లాక్ ఏంజెల్స్" విన్నాడు. వియత్నాం యుద్ధకాలంలో, 1970లో వెలువడిన ఈ రచనలో తంత్రీవాద్యాల ధ్వనిని విద్యుత్ సాధనాలతో పెంచి వినిపిస్తారు. వాద్యకారులు గాజు పాత్రలను, తాళవాద్యాలను కూడా ఉపయోగిస్తారు. చతుష్టయం ఇలా కూడా పలకగలదన్న ఎరుకతోనే హారింగ్టన్ ఈ బృందాన్ని ప్రారంభించాడు. బృందం 1970లలోనే శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతానికి తరలివచ్చింది. 1978 నుండి 1999 వరకు హారింగ్టన్, జాన్ షెర్బా (వయోలిన్), హ్యాంక్ డట్ (వయోలా), జోన్ జాన్‌రెనో (చెల్లో) సభ్యులుగా కొనసాగారు. మిల్స్ కళాశాలలో ఉన్న కాలంలో వీరికి స్వరకర్త టెర్రీ రైలీతో పరిచయం కలిగింది. రైలీ హిందుస్తానీ గాయకుడు పండిత్ ప్రాణ్‌నాథ్ శిష్యుడు. స్వరలిపికి అలవాటుపడిన ఈ బృందానికి మనోధర్మ సంగీతం వైపు దారి చూపినవారిలో రైలీ ముఖ్యుడు.

జాజ్, టాంగో

అతిథులతో చేసిన తొలి ముఖ్య ప్రయత్నాలు జాజ్ రంగంలో జరిగాయి. పియానో కళాకారుడు థెలోనియస్ మంక్ రచనలతో 1985లో "మంక్ సూట్" వెలువడింది. ఇందులో రాన్ కార్టర్ బాస్ వాయించాడు. 1986లో బిల్ ఎవాన్స్ సంగీతంతో వచ్చిన ఆల్బములో ఎడ్డీ గోమెజ్ (బాస్), జిమ్ హాల్ (గిటార్) పాల్గొన్నారు. ఈ రెండింటిలోనూ చతుష్టయం వాయించవలసిన భాగాలను టామ్ డార్టర్ ముందుగా రాసి ఇచ్చాడు. అప్పటికప్పుడు కల్పన చేసే బాధ్యత ప్రధానంగా అతిథులదే అయింది.

అర్జెంటీనాకు చెందిన ఆస్టర్ పియాజొల్లా టాంగో నృత్య సంగీతాన్ని కచేరీ సంగీతంగా మలచిన స్వరకర్త. ఆయన వాద్యమైన బాండోనియాన్ హార్మోనియంలాగా గాలి తిత్తితో పలికేది, చేతుల మధ్య పట్టుకొని వాయించేది. క్రోనోస్ కోసం ఆయన మొదట "ఫోర్, ఫర్ టాంగో" రాశాడు. తరువాత "ఫైవ్ టాంగో సెన్సేషన్స్" అనే ఐదు భాగాల రచనను బృందంతో కలిసి స్వయంగా వాయించి రికార్డు చేశాడు. 1990 ఆగస్టులో పియాజొల్లా మెదడులో రక్తస్రావానికి గురయ్యాడు. మరల కోలుకోలేక 1992 జూలై 4న మరణించాడు. 1991లో విడుదలైన ఈ ఆల్బము ఆయన చివరి స్టూడియో రికార్డింగులలో ఒకటిగా నిలిచిపోయింది.

ఆఫ్రికా సంగీతం

1992లో వెలువడిన "పీసెస్ ఆఫ్ ఆఫ్రికా" ఈ బృందానికి విస్తృతమైన ప్రజాదరణ తెచ్చిన ఆల్బము. ఇందులో ఏడుగురు ఆఫ్రికా స్వరకర్తల రచనలు ఉన్నాయి. వీరిలో జింబాబ్వేకు చెందిన డుమిసాని మరైరే, మొరాకోకు చెందిన హసన్ హక్మూన్, గాంబియాకు చెందిన ఫోడే మూసా సుసో, ఘానాకు చెందిన ఓబో ఆడీ మొదలగువారు తమ రచనలలో తామే వాద్యకారులుగా పాల్గొన్నారు. అమెరికా బిల్‌బోర్డ్ పత్రిక శాస్త్రీయ సంగీత పట్టికలోనూ, ప్రపంచ సంగీత పట్టికలోనూ ఈ ఆల్బము మొదటి స్థానం పొందింది.

నుబియాకు చెందిన హంజా అల్ దీన్ రచన "ఎస్కలే" ఇందులో పేర్కొనదగినది. ఈ మాటకు నీటి చక్రం అని అర్థం. నైలు నదిపై నిర్మించిన ఆస్వాన్ ఆనకట్ట వలన నుబియా గ్రామాలు ముంపునకు గురయ్యాయి. ముంపు ప్రాంతపు చక్రం తిరుగుడును ఈ రచనలో తంత్రుల ఆవృత్తాలు గుర్తుకు తెస్తాయి.

చాలా కాలం తరువాత, 2017లో, మాలీ దేశపు ట్రియో డా కాలీతో "లాదిలికాన్" వెలువడింది. ట్రియో డా కాలీ కళాకారులు వంశపారంపర్యంగా గానం చేసే గ్రియో కుటుంబాలకు చెందినవారు. హావా కాసే మాదీ జబాతే గాత్రంతో పాటు కర్రపలకల బలాఫోన్, తంత్రీవాద్యమైన ఎన్‌గోనీ ఇందులో ఉన్నాయి. అమెరికా భక్తిగీతాల గాయని మహాలియా జాక్సన్ పాడిన పాటలు కొన్ని మాలీ భాషలో ఇందులో చోటు చేసుకున్నాయి.

వూ మాన్, పీపా

చైనా నాలుగు తంత్రుల వాద్యమైన పీపాలో విదుషీమణి వూ మాన్ ఈ బృందంతో అత్యంత దీర్ఘకాలం కలిసి పనిచేసిన అతిథులలో ఒకరు. తాన్ దున్ 1994లో పీపాకు, చతుష్టయానికి కలిపి "ఘోస్ట్ ఓపెరా" రాశాడు. ఇందులో నీరు, రాయి, లోహం, కాగితం కూడా వాద్యాలుగా పనిచేస్తాయి. బాఖ్ సంగీతం, చైనా జానపద గీతం ఒకే రచనలో ఎదురవుతాయి. టెర్రీ రైలీ రచన "ది కస్ప్ ఆఫ్ మ్యాజిక్" కూడా వూ మాన్‌ను దృష్టిలో ఉంచుకొని రాసినదే.

భారతీయ సంగీతం

2000లో విడుదలైన "కారవాన్" ఆల్బములో రాహుల్ దేవ్ బర్మన్ స్వరపరచిన ఒక హిందీ సినిమా పాటను బృందం వాయించింది. దీనికి తబలా సహకారం ఉస్తాద్ జాకీర్ హుస్సేన్ అందించాడు. ఈ ఆల్బములోనే ఇరాన్ కమాంచే విద్వాంసుడు కయ్‌హాన్ కల్హోర్, రుమేనియా గ్రామీణ వాద్యబృందం తరాఫ్ దె హైదూక్స్ కూడా అతిథులు.

బర్మన్ సంగీతంపై హారింగ్టన్‌కు కలిగిన ఆసక్తి 2005లో "యూవ్ స్టోలెన్ మై హార్ట్" అనే పూర్తి ఆల్బముకు దారితీసింది. బర్మన్ 1994లోనే మరణించాడు. ఆయన భార్య, ఆయన పాటలెన్నింటినో మొదట పాడిన ఆశా భోస్లే ఈ పాటలను మళ్ళీ పాడింది. 1933లో జన్మించిన ఆమెకు అప్పటికి డెబ్బై ఏళ్ళు దాటాయి. జాకీర్ హుస్సేన్, వూ మాన్ ఈ ఆల్బములోనూ పాల్గొన్నారు.

ఇక్కడ బృందానికి ఎదురైన సమస్య వేరు. బర్మన్ పాటలు పదుల సంఖ్యలో వయోలిన్లు, బాకాలు, గిటార్లు, డ్రమ్ములు ఉన్న పెద్ద సినిమా వాద్యబృందం కోసం కూర్చినవి. నలుగురు ఆ నిండుదనాన్ని తేవలసి వచ్చింది. పీపా, తబలా కొన్ని వాద్యాల స్థానాన్ని భర్తీ చేశాయి. శ్రోతకు సుపరిచితమైన పాట కావడం వలన ఏ చిన్న మార్పయినా వెంటనే తెలిసిపోతుంది. అందువలన ఈ ఆల్బములో చతుష్టయం తన గొప్పను చాటుకోకుండా గాయనికి పక్కవాద్యంగా నిలబడింది. ఈ ఆల్బము గ్రామీ పురస్కారానికి ప్రతిపాదించబడింది.

సినిమా సంగీతానికే పరిమితం కాకుండా శాస్త్రీయ సంగీతాన్ని కూడా బృందం చేపట్టింది. 2009 నాటి "ఫ్లడ్‌ప్లెయిన్" ఆల్బములో సారంగి విద్వాంసుడు పండిత్ రామ్ నారాయణ్ మిశ్ర భైరవి ఆలాపనను వయోలా ప్రధానంగా వినిపించారు. వయోలిన్ విదుషీమణి ఎన్. రాజం భైరవి రాగంలో వాయించిన దాద్రాను రీనా ఇస్మాయిల్ చతుష్టయానికి అనువుగా అమర్చింది. ఈ రెండు సందర్భాలలో అతిథి వేదికపై లేకపోయినా, ఆయా విద్వాంసుల కమాను పద్ధతిని అనుసరించవలసి వచ్చింది.

ఇతర గాత్ర సంప్రదాయాలు

అజర్‌బైజాన్ ముగామ్ గాయకుడు అలీమ్ ఖాసిమోవ్, ఆఫ్ఘనిస్తాన్ రబాబ్ విద్వాంసుడు హుమాయూన్ సఖీలతో 2010లో "రెయిన్‌బో" వెలువడింది. కెనడా ఉత్తర ప్రాంతమైన నునావుట్‌కు చెందిన ఇనూయిట్ కంఠగాయని తాన్యా తగాక్‌తో బృందం పలు కచేరీలు చేసింది. ఇనూయిట్ కంఠగానం సంప్రదాయంగా ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా నిలబడి ఆటగా పాడేది. తగాక్ దానిని ఒంటరిగా పాడే పద్ధతిని అలవరచుకుంది. ఆ రెండవ గొంతు స్థానంలో ఇక్కడ చతుష్టయం నిలిచింది.

2019లో ఇరాన్ సోదరీమణులు మహ్‌సా వహ్‌దత్, మర్జాన్ వహ్‌దత్‌లతో "ప్లేస్‌లెస్" విడుదలైంది. 1979 విప్లవం తరువాత ఇరాన్‌లో స్త్రీలు పురుషుల ఎదుట బహిరంగంగా ఒంటరి గానం చేయడంపై ఆంక్షలు ఉన్నాయి. స్వదేశంలో స్వేచ్ఛగా పాడే వీలు లేని గాయనులకు ఇటువంటి సహకారం ఒక వేదిక అయింది.

సహకార పద్ధతి

ఈ సహకారాలలో ప్రధానమైన చిక్కు స్వరలిపి. చతుష్టయ సభ్యులు స్వరలిపి చూసి వాయించే శిక్షణ పొందినవారు. అతిథులలో అనేకులు గురుముఖంగానో, కుటుంబంలో వినికిడి ద్వారానో నేర్చినవారు. వీరి మధ్య వారధి సంగీత అమరికదారు. ఆస్వాల్డో గొలిహోవ్, స్టీఫెన్ ప్రట్స్‌మన్, జేకబ్ గార్చిక్ ఈ పనిలో ముఖ్యులు. అతిథి పాటను రికార్డింగు ద్వారా విని, చతుష్టయానికి కావలసిన భాగాన్ని మాత్రమే రాసి, అతిథి భాగాన్ని స్వేచ్ఛగా వదిలివేయడం సాధారణ పద్ధతి. అతిథి ఒక ఆవృత్తం ఎక్కువ పాడితే నలుగురూ చెవితో గుర్తించి ఆగవలసి ఉంటుంది.

రెండవది శ్రుతి. వయోలిన్, వయోలా, చెల్లోలకు మెట్లు ఉండవు. కనుక పియానోకు సాధ్యం కాని సూక్ష్మ స్వరస్థానాలను ఇవి అందుకోగలవు. మెట్లు గల రబాబ్ వంటి వాద్యాలు, పలకలు గల బలాఫోన్ వంటి వాద్యాలు వాయించే సమయంలో తమ శ్రుతి మార్చుకోలేవు. కాబట్టి సర్దుకోవలసిన బాధ్యత చతుష్టయానిదే.

మూడవది ధ్వని ప్రమాణం. తబలా, డ్రమ్ముల వంటి వాద్యాల పక్కన నాలుగు తంత్రీవాద్యాలు సహజ ధ్వనితో వినిపించవు. క్రోనోస్ కచేరీలలో మైకులు వాడటం, ధ్వని నిపుణుని వెంట తీసుకువెళ్ళడం ఈ అవసరాన్ని కూడా తీరుస్తుంది.

పరిమితులు

ఇన్ని సంప్రదాయాలను చేపట్టినప్పుడు దేనిలోనూ లోతు ఉండదనే ప్రశ్న సహజంగా ఎదురవుతుంది. ఒక రాగాన్ని గానీ, ఒక ముగామ్‌ను గానీ సాధించడానికి జీవితకాలపు సాధన కావాలి. కొన్ని వారాల అభ్యాసంతో ఆ స్థాయి రాదు. రాసిన భాగానికి కట్టుబడి ఉండటం వలన సమానమైన సంభాషణ అన్నివేళలా సాధ్యపడదు. తొలినాటి జాజ్ ఆల్బములలో ఈ పరిమితి స్పష్టంగా తెలుస్తుంది. అతిథి గాత్రానికి ఆధారంగా నిలిచి, కల్పనను అతిథికి వదిలివేసిన సందర్భాలలోనే ఈ బృందపు సహకారాలు ఎక్కువగా ఫలించాయి.

పురస్కారాలు

* 2004 - గ్రామీ పురస్కారం, గాయని డాన్ అప్‌షాతో కలిసి రికార్డు చేసిన ఆల్బన్ బెర్గ్ "లిరిక్ సూట్"
* 2011 - పోలార్ సంగీత బహుమతి (స్వీడన్)
* 2011 - ఏవరీ ఫిషర్ బహుమతి
* 2019 - గ్రామీ పురస్కారం, లారీ ఆండర్సన్‌తో కలిసి చేసిన "ల్యాండ్‌ఫాల్". దీనికి 2012 నాటి శాండీ తుఫాను నేపథ్యం.

భావితరాల కోసం

2015లో బృందం "ఫిఫ్టీ ఫర్ ది ఫ్యూచర్" అనే పథకాన్ని ప్రారంభించింది. వివిధ దేశాల స్వరకర్తల చేత 50 రచనలు చేయించి, వాటి స్వరలిపిని విద్యార్థులకు ఉచితంగా అందజేయడం దీని ఉద్దేశం. జాకీర్ హుస్సేన్ "పల్లవి", హిందుస్తానీ వయోలిన్ విదుషీమణి కళా రామ్‌నాథ్ "అమృత్" వీటిలో ఉన్నాయి. గురుముఖంగా నేర్చిన సంగీతంలో కొంత భాగం ఈ విధంగా ఇతర దేశాల చతుష్టయాలకు చేరింది. జాకీర్ హుస్సేన్ 2024 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో మరణించాడు.

2024 జూన్‌లో షెర్బా, డట్ పదవీ విరమణ చేశారు. వారి స్థానాలలో గాబ్రియేలా దియాజ్, అయానే కొజాసా చేరారు. 2023లో చేరిన పాల్ వియాంకో చెల్లో వాద్యకారుడు. వ్యవస్థాపకుడు హారింగ్టన్ మాత్రం ఈ మార్పుల తరువాత కూడా మొదటి వయోలిన్ స్థానంలోనే కొనసాగాడు.

ఇవి కూడా చూడండి

* రాహుల్ దేవ్ బర్మన్
* ఆశా భోస్లే
* జాకీర్ హుస్సేన్
* వయోలిన్