పసిగుడ్డు నొప్పి, అమ్మ వొడి



“అడగందే అమ్మయినా అన్నం పెట్టదు” అంటారు. మరి మాట రాని పసిగుడ్డు ఏమని అడుగుతుంది? ఏడుస్తుంది. ఆ ఏడుపు నొప్పికేనని పెద్ద పెద్ద వైద్యులు ఒప్పుకోవడానికి ఎన్నేళ్ళు పట్టిందో వింటే మీరు ముక్కున వేలేసుకుంటారు. ఈ వేళ ఆ చరిత్ర చెప్పుకుందాం.

మా కామవరపుకోట మెట్ట వూళ్ళలో చంటిపిల్లకి చెవులు కుట్టించాలంటే మేనమామ వొళ్ళో కూర్చోబెట్టి, నోట్లో కాస్త బెల్లం పెట్టేవారు. సూది దిగి పిల్ల కేరుమనగానే తల్లి గుండెకి హత్తుకుని పాలిచ్చేది. శాస్త్రాలు చదివి చేసిన పని కాదది. బిడ్డకి నొప్పి తెలుస్తుందని వాళ్ళకెవరూ రుజువు చూపనక్కర్లేకపోయింది.

చదువుకున్న లోకం వేరుగా ఆలోచించింది. 1941లో అమెరికాలో మిర్టిల్ మెక్‌గ్రా అనే ఆవిడ పసిపిల్లల్ని గుండుసూదితో పొడిచి చూసి, పుట్టిన కొత్తల్లో కొందరు కదలనైనా కదలలేదని రాశారు. నరాలమీద పొర పూర్తిగా ఏర్పడలేదు కనుక శిశువుకి నొప్పి సరిగా తెలియదనే మాట స్థిరపడిపోయింది. పైగా మత్తుమందు పసిప్రాణం తట్టుకోలేదని భయం. అందుచేత ఆపరేషన్లు కూడా చాలాచోట్ల కండరాలు కదలకుండా చేసే మందుతోనే కానిచ్చేవారు. కదలిక ఆగేది, నొప్పి ఆగేది కాదు!

1985లో వాషింగ్టన్‌లో నెలలు నిండకుండా పుట్టిన జెఫ్రీ లాసన్‌కి అలాగే గుండె దగ్గర ఆపరేషన్ చేశారు. కొన్ని వారాలకి బిడ్డ పోయాడు. నొప్పి తెలియకుండా చేసే మందు ఇవ్వనేలేదని తర్వాత తెలుసుకున్న తల్లి జిల్ లాసన్ ఊరుకోలేదు. పత్రికలకెక్కి లోకాన్ని నిలదీసింది.

అదే కాలంలో ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళిన మన భారతీయుడు, డాక్టర్ కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్, ఇటువంటి పిల్లల్నే పరీక్షించాడు. నొప్పిమందు కూడా ఇచ్చిన పిల్లలు ఆపరేషన్ తర్వాత బాగా తేరుకున్నారు. 1987లో ఆ సంగతి అచ్చయింది. నొప్పి కబురు మోసే నరాల్లో పొర లేనివి పెద్దవాళ్ళకీ ఉంటాయని కూడా ఆయన గుర్తుచేశాడు. ఆ ఏడే అమెరికా పిల్లల వైద్యుల సంఘం, పసివాళ్ళకీ మత్తు ఇవ్వాల్సిందేనని ప్రకటించింది.

ఆపరేషన్ల సంగతి సరే. మడమ గుచ్చి రక్తం తీయడం, టీకా వేయడం, ఇలాంటి చిన్న సూదులకి మందులెందుకు? అక్కడే మళ్ళీ అమ్మ దగ్గరికి వచ్చారు. 1991లో తీపినీళ్ళు నాలుకకి తగిలితే శిశువు ఏడుపు తగ్గుతుందని తేల్చారు. 2000లో బోస్టన్‌లో, తల్లి ఛాతీకి వొంటికి వొళ్ళు ఆనించిన పిల్లల్లో ఏడుపు 82 శాతం తగ్గింది. 2002లో పాలు తాగుతున్న పిల్లల్ని చూస్తే ఏకంగా 91 శాతం తగ్గింది! చప్పరింపు, పాల తీపి, అమ్మ వాసన, వెచ్చదనం అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి కదా. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా టీకా వేసేటప్పుడు బిడ్డ తల్లి చేతుల్లోనే ఉండాలనీ, పాలిస్తే మరీ మంచిదనీ చెప్పింది.

అయితే పెద్దలు చేసినవన్నీ మంచివని కాదు. అదే చేతులతో పసికందు పొట్టమీద వాతలు పెట్టినవారూ ఉన్నారు. అది మాత్రం వద్దు. బెల్లం, పంచదార నీళ్ళు ఇంట్లో పట్టకండి. ఆరు నెలలదాకా తల్లిపాలే. ఏడాది నిండందే తేనె నాకించకండి. ఆసుపత్రిలో తీపిచుక్క వేయాలంటే ఎంత వేయాలో డాక్టరుగారే చూసుకుంటారు.

ఈసారి కూతురి బిడ్డకో, కోడలి బిడ్డకో టీకా వేయించడానికి వెళ్తే, “బిడ్డ నా దగ్గరే ఉంటుందమ్మా, పాలిస్తాను, మీరు సూది వేయండి” అని నర్సమ్మగారిని మెల్లగా అడగమనండి. సూదికి కాస్త ముందే పాలు పట్టించి, అయ్యాక కూడా కాసేపు తాగనివ్వమనండి. పాలు గొంతుకి అడ్డం పడతాయేమోనని కొందరికి భయం. పరిశోధనల్లో అలాంటిదేమీ కనబడలేదు.

బిడ్డ ఎలాగూ అడగలేడు. వాడి తరఫున మనం అడుగుదాం. సెలవు.