‘రక్తం పట్టడం’ అనే మాట

సంస్కృతంలో ‘పాండు’ అంటే పాలిపోయిన రంగు. ఆ రంగే రక్తం తగ్గే రోగానికీ పేరైంది. చరకసంహిత చికిత్సాస్థానం 16వ అధ్యాయం దాని గురించే. ఇనుము కలిసిన మందులూ అందులో ఉన్నాయి. ‘రక్తహీనత’ పుస్తకాల మాట. బందరు, గుడివాడ, దివిసీమ ఇళ్లలో ‘రక్తం తక్కువ’, ‘రక్తం పట్టాలి’ అంటారు. ఈ ‘పట్టడం’ ఎంత సరైన మాటో! తిన్న ఇనుమంతా ఒంటికి పట్టదు. తోటకూర, మునగాకుల్లోది పట్టాలంటే నిమ్మరసం తోడుండాలి, చేప ముక్క ఉంటే మరీ మంచిది. భోజనంతో టీ మాత్రం అడ్డు. గర్భిణికి హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల లోపుంటే రక్తహీనతే. కూరలొక్కటే చాలవు. నాలుగో నెల నుంచి రోజూ 60 మిల్లీగ్రాముల ఇనుమున్న ఎర్ర మాత్ర, కనీసం 180 రోజులు వేసుకోవాలి. విరేచనం నల్లగా అయిందని భయపడి మానెయ్యకండమ్మా, అది ఆ ఇనుము వల్లే.