దారి ఎవరిది?

ఎల్లారెడ్డి వైపు బడి గ్రౌండ్లలో సాఫ్ట్‌బాల్ ఆడించిన ఏ పీఈటీనైనా అడగండి. క్యాచ్‌ల మీద తగాదాలు తక్కువ. ఇద్దరు పిల్లలు గుద్దుకున్నప్పుడే అసలు పంచాయితీ. "బాల్ పడుతుంటే మీదికొచ్చిండు సార్" అని ఒకడంటే, "నా దారిల అడ్డం నిలబడ్డడు సార్" అని ఇంకొకడు. చుట్టూ ఉన్నవాళ్లు ఎవరి మోకాలు పగిలిందో చూసి తీర్పు చెప్పేస్తారు. కామారెడ్డి, ఎల్లారెడ్డి బళ్లలోనే సర్వీసంతా గడిపిన నేను మాత్రం మోకాళ్లు తర్వాత చూస్తాను. ముందు బంతి ఎక్కడుందో చూస్తాను.

బంతిని బట్టి దారి ఎవరిదో తేల్చే ఈ నియమం నిన్నమొన్నటిది కాదు. 1845లో న్యూయార్క్‌లోని నికర్‌బాకర్ క్లబ్ రాసుకున్న బేస్‌బాల్ నియమాల్లోనే, బంతి అందుకునేవాణ్ణి అడ్డుకున్న రన్నర్ ఔట్ అని ఉంది. రన్నర్‌ని బంతితో కొట్టకూడదని కూడా అందులోనే రాశారు. అంతకుముందటి ఆటల్లో కొట్టేవారు. మన ఏడు పెంకులాటలో ఇప్పటికీ కొడతాం కదా! అందుకే కొత్తగా చేరిన పిల్లలు బంతి చేతికి రాగానే బేస్‌ని వదిలేసి రన్నర్ వీపు వెతుకుతారు.

రాసినంత మాత్రాన అమలైందా అంటే, లేదు. 1890లలో మ్యాచ్‌కు చాలాసార్లు ఒక్కడే అంపైర్. అతను బంతి వైపు తిరగ్గానే బాల్టిమోర్ జట్టులో థర్డ్ బేస్ దగ్గరుండే జాన్ మెగ్రా రన్నర్ బెల్టు పట్టుకుని ఆపేవాడని చెప్పుకుంటారు. ఒక రన్నర్ ముందే బెల్టు విప్పి సిద్ధంగా ఉండి, దాన్ని మెగ్రా చేతిలోనే వదిలి ఉరికాడన్న కథ కూడా ఉంది. కథే కావచ్చు. మండల పోటీల్లో ఈల, స్కోరు పుస్తకం, అయోడిన్ సీసా మూడూ ఒక్కడే మోసిన నాకు మాత్రం నమ్మాలనిపిస్తుంది.

అసలు లెక్క ఇది. బ్యాట్‌కు తగిలి వచ్చిన బంతిని ఫీల్డర్ పట్టబోతున్నాడంటే దారి అతనిది, రన్నర్ తప్పుకోవాల్సిందే. తప్పుకోకపోతే, కావాలని చేయకపోయినా, బంతి అక్కడే డెడ్, రన్నర్ ఔట్. విసిరిన బంతికి రన్నర్ అడ్డుపడితే మాత్రం కావాలని చేశాడా అని చూడాలి. ఫీల్డర్ చేతిలో బంతీ లేదు, బ్యాట్ నుంచి వచ్చే బంతిని పట్టే పనీ లేదు అంటే దారి రన్నర్‌ది. అప్పుడు ఫీల్డర్ అడ్డొస్తే ఆట ఆపకూడదు. పిడికిలి బిగించి ఎడమ చేయి పక్కకు చాచి ఆట సాగనివ్వాలి. ఆ తర్వాతే అడ్డు లేకుంటే చేరేవాడనుకున్న బేస్‌ని రన్నర్‌కి ఇవ్వాలి. కబడ్డీ, ఖోఖోలకు ఈల ఊది ఊది అలవాటైన మాకు ఆ ఊదకపోవడమే కష్టం.

పెద్దవాళ్లకూ ఇది తేలిక కాదు. 1975 వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్‌లో, పదో ఇన్నింగ్స్‌లో, సిన్సినాటి ఆటగాడు ఆర్మ్‌బ్రిస్టర్ బంట్ చేసి కదలగానే బోస్టన్ క్యాచర్ ఫిస్క్‌కు తగిలాడు. ఫిస్క్ విసిరిన బంతి సెంటర్ ఫీల్డ్‌లో పడింది. కావాలని చేయలేదంటూ అంపైర్ ల్యారీ బార్నెట్ ఆటను సాగనిచ్చాడు. సిన్సినాటి 6-5తో గెలిచింది. నన్నడిగితే ఔటే. బ్యాటర్‌కీ క్యాచర్‌కీ ప్లేట్ దగ్గర కొంత సడలింపు ఉందని తెలిసి కూడా అంటున్నాను. 2013లో మళ్లీ బోస్టన్‌కే దెబ్బ. డైవ్ చేసి నేల మీద పడి ఉన్న మిడిల్‌బ్రూక్స్ కాళ్లు తట్టుకుని సెయింట్ లూయిస్ రన్నర్ క్రెయిగ్ పడ్డాడు. అంపైర్ జిమ్ జాయిస్ అడ్డుకున్నట్టు ప్రకటించాడు, గెలుపు పరుగు వచ్చేసింది, 5-4. అందులోనూ ఉద్దేశం లేదు, అయినా ఆ తీర్పే సరైనది.

సాఫ్ట్‌బాల్ వాళ్లు ఇంకో తెలివైన పని చేశారు. ఫస్ట్ బేస్‌ని జంటగా పెట్టారు: లోపలి తెల్ల సగం ఫీల్డర్‌కి, బయటి నారింజ సగం రన్నర్‌కి. తగాదాలో సగం అక్కడే తెగింది. ఆ బేస్ లేని గ్రౌండ్‌లో సున్నంతో రెండు డబ్బాలు గీసినా చాలు.

కామారెడ్డి జిల్లాగా ఏర్పడింది 2016 అక్టోబర్ 11న. జిల్లా పోటీలకు ఇప్పుడు నిజామాబాద్ దాకా పోనక్కర్లేదు. పోటీలు పెట్టే పెద్దలకు నాదొకటే మనవి: ప్రతి మ్యాచ్‌కూ ఇద్దరు అంపైర్లను ఇవ్వండి, బంతిని చూడటానికి ఒకరు, రన్నర్‌ని చూడటానికి ఇంకొకరు.